గట్టు మీద మర్రి

ముళబాగిలు దగ్గర మా ఊళ్లో నాకొక ఎకరం మెట్ట ఉంది. 1980లలో కోలారు జిల్లాలో ఎక్కడ చూసినా నీలగిరి తోటలు లేచాయి. మా నాన్నగారు కూడా ఆ ఎకరంలో నీలగిరే వేశారు. ఆయన్ను తప్పు పట్టను. వానను నమ్ముకున్న రైతుకు కొట్టి అమ్ముకోగల పంట అది. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి వెయ్యడాన్ని నిషేధించింది. ఆ తరువాత మొద్దులు పీకించాను. అక్కడొక మర్రి నాటాలని బుద్ధి పుట్టింది.

“దానివల్ల లాభమేమిటి నాన్నా?” అన్నాడు మా అబ్బాయి. అప్పు కోసం బ్యాంకుకు వచ్చేవారిని ముప్ఫై ఏళ్లుగా నేనడుగుతున్న ప్రశ్నే అది.

మనం మర్రికాయ అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఆవగింజంత కందిరీగ ఒకటి అందులోకి దూరి పుప్పొడి చేరిస్తేగాని గింజ కట్టదు. ఆ పురుగు గుడ్లు పెట్టడానికి మర్రికాయే కావాలి. మర్రిచెట్లన్నీ ఒకేసారి కాయవు. అందుకే తక్కిన చెట్ల మీద పండు లేని రోజుల్లోనూ ఎక్కడో ఒక మర్రి పండి ఉంటుంది. పగలు కోకిల, గోరింక, కంసాలిపిట్ట, ఉడుత తింటాయి. రాత్రి గబ్బిలాలు వస్తాయి. తిన్న గింజను ఏ గోడమీదో, ఏ తాటిమట్టలోనో వేసి కొత్త మర్రిని నాటేవీ అవే. ఈ లాభంలో నా పేరున జమయ్యేది ఏమీ లేదు. అబ్బాయికి అదే చెప్పాను.

గట్టు మీద గుంట తీస్తుంటే పక్క పొలం రైతు వచ్చాడు. “మంచి పనే సార్. కానీ చెట్టు మీది, నీడ నాది. రాగి నీడలో ఎదగదు కదా?” అన్నాడు.

మర్రి నీడన మరో మొక్క ఎదగదని పెద్దవాళ్లను ఉద్దేశించి అంటూంటాం. ఆ మాట మొదట పుట్టింది చేలోనే అని అప్పుడు తట్టింది. ఒకరి ఖాతాలో ఖర్చు రాసి మరొకరి ఖాతాలో జమ చేస్తే బ్యాంకులో దాన్నేమంటారో నాకు బాగా తెలుసు. పుణ్యం విషయంలో ఆ లెక్క ఎందుకు మరిచాను?

అలాగని అందరి నీడా, అందరి నష్టమూ లెక్కపెడుతూ కూర్చుంటే ఊళ్లో ఒక్క చెట్టూ మిగలదు. తమ వాటా అడగడానికి పిట్టలు పంచాయితీకి రాలేవు. వాటి తరఫున మాట్లాడదలిచినవాడే ఆ ఖర్చు భరించాలి. మన పెద్దలు వనాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా చెప్పారు. సంతానమంటే సాకే భారం కన్నవారిదే. బిడ్డలు లేని సాలుమరద తిమ్మక్క, ఆమె భర్త హులికల్, కూదూరుల మధ్య దారి పక్కన 385 మర్రిచెట్లు పెంచారు. వాటికి నీళ్లు తామే మోసి పోశారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

గట్టు మీది గుంట పూడ్చి, నా ఎకరం నడుమ మొక్క నాటాను. చెట్టు పెరిగేకొద్దీ తగ్గే పంట ఇక నాదే.

మొక్క ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. దాని పండు నేను చూస్తానో లేదో. మొన్న ఎండాకాలం నేను ఊరికి వెళ్లలేకపోయాను. పక్క పొలం రైతు రోజూ దానికి ఒక బిందె నీళ్లు పోశాడట. ఆ నీళ్లను ఏ ఖాతాలో రాయాలో ఇంకా తేల్చుకోలేదు.