నీరడికి కొలిచేదెవరు?

1996 మార్చి 8న వచ్చిన 111 నంబరు జీవో 84 ఊళ్ల తలరాతను మార్చేసింది. హైదరాబాదుకు పడమట ఉన్న ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద కాలనీలు, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు రాకూడదన్నది దాని సారం. శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు లక్షా ముప్ఫై వేల ఎకరాలకు పైగా భూమి ఆ ఆంక్షల కిందికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆంక్షలు తొలగిస్తూ 69 నంబరు జీవో ఇచ్చింది. 2023 మే 18న మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తివేయాలని నిర్ణయించింది.

ఆ నిర్ణయం వచ్చిన కొద్దిరోజులకే మొయినాబాద్ వైపు మా ఊరికి వెళ్లాను. టీవీ వాళ్లు అప్పటికే వచ్చి, సంతోషమేనా అని అడిగి, రెండు ముక్కలు రికార్డు చేసుకుని వెళ్లిపోయారట. ఊరి అంచున ఇళ్ల సముదాయం వస్తుందంటే అక్కడ ఉండేవాళ్లు ఏమనుకుంటారన్నది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే బోరు దగ్గర కూర్చున్న మా పెద్దనాయిన పక్కన నేనూ కూర్చున్నాను. తెల్లవారకముందే కోసిన పాలకూర కుప్పగా ఉంది. వేళ్లకంటిన ఎర్రమట్టిని తొట్టిలో జాడించి, గుప్పెడేసి తీసి పురికొసతో కట్టి, తడి గోనెసంచి మీద వరసగా పేర్చుతున్నాడు. మెహిదీపట్నం రైతుబజారుకు పోయే ఆటో వచ్చేలోగా అదంతా కట్టాలి.

పెద్దనాయిన: నువ్వు ఏమడుగుతవో నాకెర్కనే బిడ్డా. గండిపేట ఏమైతదని అడుగుతవు. ఇరవై ఏడేండ్ల సంది వచ్చినోళ్లందరూ అదే అడిగిండ్రు. నీ చేను ఏమైతదని ఒక్కరడగలే.

నేను: ఇప్పుడు నేనడుగుతున్న. చెప్పు.

పెద్దనాయిన: మీ అక్క పెండ్లికి ఎకరం అమ్మిన. జీవో గీసిన గీత అవతలి ఊళ్లె ఎకరానికి వచ్చిన పైసలల్ల నాకు సగం గూడ రాలే. అదే ఎర్రనేల, అదే వాన. మాది అగ్గువ, వాళ్లది పిరం. పోనీ, గీత అందరినీ ఆపిందా? ఫామ్‌హౌసులు లేచినయ్, ఫంక్షన్ హాళ్లు లేచినయ్, కాలేజీలు లేచినయ్. నేను ఇంటి మీద రెండు అర్రలు ఏస్తనంటే మాత్రం నోటీసొచ్చింది.

ఈ మాటకు ఎదురు చెప్పలేం. చిలుకూరు దారిలో ఒకసారి పోయి వచ్చినవాళ్లకు ఎత్తయిన ప్రహరీలు, వాటి వెనక మేడలు కనిపించే ఉంటాయి. చట్టం బలహీనుడి మీదే పనిచేసినప్పుడు అతనికి ఆ చట్టం మీద గౌరవం ఉండాలని కోరడం తప్పు. జలాశయాలను కాపాడాలని వాదించే మావంటి వాళ్లం ఈ సంగతిని చాలాకాలం పక్కన పెట్టేశాం.

నేను: నీకు అన్యాయం జరిగింది పెద్దనాయినా. కాని ఇప్పుడు అడ్డు తీసేస్తే అది తీరుతదా? అప్పుడు నీ దగ్గర అగ్గువకు కొన్నాయనే గదా లాభపడేది. రోడ్డు మొహం ఉన్న భూములు ఇయ్యాల ఎవరి పేరు మీద ఉన్నయ్?

పెద్దనాయిన: రోడ్డు మొహమా? తుమ్మచెట్టు కాడికెళ్లి గుడి దాంక ఒక్కటి మనూరోళ్లది లేదు. కడీలు పాతి తీగ చుట్టినయన్నీ పట్నమోళ్లయే. అయితే ఏందట? నాకు మిగిలిన మూడెకరాలు నావే గదా. అందరి లెక్క నేను జూడాల్నా?

పక్కన కొత్తిమీర ఏరుతున్న కూలీ ఆమె తలెత్తకుండానే అంది: "మాకు గుంట భూమి గూడ లేదమ్మా. ఇండ్లు లేస్తే పని మారుతది, గంతే. ఇప్పుడు కూర తెంపుతున్న. అప్పుడు బాసన్లు తోముత."

ఊరి అభిప్రాయం అని మనం ఒక్కటిగా చెప్పుకునేదాన్ని ఆ నాలుగు మాటలు ముక్కలు చేశాయి. భూమి ఉన్నవాడు, అమ్ముకున్నవాడు, కౌలుదారు, కూలి, ఎన్నడూ ఊరి మొహం చూడని యజమాని: ఇంతమంది ఒకే గ్రామసభ తీర్మానం కింద ఒకే మాటగా నమోదవుతారు.

అప్పుడే పెద్దనాయిన అల్లుడు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. కూకట్‌పల్లిలో అద్దెకుంటాడు. ఈ వైపే ఏదో వెంచర్లో ప్లాటుకు బయానా ఇచ్చాడు.

అల్లుడు: వదినా, నీళ్లు నీళ్లు అంటరు, మంచిదే. మాకు ఇల్లు గావాలె గదా. జీతంల మూడో వంతు కిరాయికే పోతది. కంపెనీలన్నీ పడమటి దిక్కే పెట్టిండ్రు. పని ఇక్కడ, ఇల్లు ఇంకెక్కడో కట్టుకోమంటే ఎట్ల? మీకు సొంత ఫ్లాటున్నది కాబట్టి ఆ మాట తేలిగ్గ అంటున్నరు.

నేను: నిజమే. ఇల్లున్నోళ్లు ఇక ఇండ్లొద్దంటే అనుమానంగానే వినాలె. నీకు ఇల్లు కావాలన్న దాంట్ల నాకు పేచీ లేదు. కాని ఇల్లు కావాలన్న హక్కు వేరు, ఇక్కడే కావాలనడం వేరు. నగరం తూర్పుకు పెరుగుతది, ఉత్తరానికి పెరుగుతది. మూసీని, ఈసీని పట్టి నిలిపే జలాశయాలు మాత్రం ఈ దిక్కే ఉన్నయ్.

అల్లుడు: రెండొందల గజాలతోని జలాశయం ఎండిపోతదా?

నేను: నీ ఒక్కని రెండొందల గజాలతోని ఏం గాదు. కాని వెంచర్ ఏసేటప్పుడు ముందుగాల ఏం జేస్తరో నువ్వే చెప్పు.

అల్లుడు: జేసీబీ పెట్టి చదును జేస్తరు.

నేను: ఆ చదునుల కుంట కట్ట పోతది. కట్ట కింది వాగును రెండు సిమెంటు పైపులల్లకు ఎక్కిస్తరు. దాని మీద రోడ్డు పోస్తరు. ఇన్నేండ్లు నేల తాగి నిదానంగ ఇడిసిన వాన ఒక్క గంటల ఉరికొస్తది. వాన లేని దినాలల్ల అదే పైపు నుంచి మురుగు దిగుతది. హుస్సేన్‌సాగర్ గూడ ఒకప్పుడు తాగునీటి చెరువే గదా. దాని చుట్టు కట్టినోళ్లల్ల ఒక్కరన్న చెరువును పాడుజేద్దామని కట్టలే. అందరూ నీ తీర్గనే ఇల్లు కట్టుకున్నరు.

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఈ చర్చలో అందరూ తీసే అసలు వాదం తీశాడు.

అల్లుడు: అయినా గండిపేట నీళ్లు ఇప్పుడెంతమంది తాగుతున్నరు వదినా? కృష్ణా వచ్చింది, గోదావరి వచ్చింది. సర్కారు గూడ అదే అంటున్నది.

నేను: కృష్ణా నాగార్జునసాగర్ నుంచి రావాలె, గోదావరి ఎల్లంపల్లి నుంచి రావాలె. రెండూ వంద కిలోమీటర్లకు పైన. దారి పొడుగునా మోటార్లు తోడాలె, కరెంటు కాలాలె. గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాంక పల్లానికి వాటంతటవే పోతయ్. దూరపు నీళ్లు దొరికినయని దగ్గరి చెరువును ఇడిసిపెట్టినంక, ఒక్క ఏడాది కృష్ణా తక్కువైతే ఎవరి దిక్కు జూస్తం? ఇంకో మాట. ఈ రెండు కట్టలు కట్టింది తాగునీళ్ల కొరకు మాత్రమే గాదు. వరద కొరకు గూడ.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పైనుంచి వచ్చే నీటిని పట్టి నిదానంగా వదలడం వాటి పని. పైనున్న నేల గట్టిపడి నీరు ఒక్కపెట్టున వచ్చిపడితే గేట్లు ఎత్తక తప్పదు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డు బస్తీల వాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని గట్టెక్కారు.

నేను: ఊరోళ్ల అభిప్రాయం అడిగినప్పుడు చాదర్‌ఘాట్ కాడ మూసీ ఒడ్డున ఉండేటోళ్లను ఎవరన్న అడిగిండ్రా పెద్దనాయినా?

పెద్దనాయిన: వాళ్లు మనూరోళ్లు ఎట్లయితరే?

నేను: నీ చేన్ల పడ్డ వాన వాళ్ల గడప దాంక పోతది. ఆ వాన నీదేనా?

ఈ ప్రశ్నతో ఆయన్ను ఇరకాటంలో పెట్టాననుకున్నాను. ఆయన చేతిలో కట్ట ముడి వేయడం పూర్తిచేసి, గోనె మీద పెట్టి, తీరిగ్గా చెప్పాడు.

పెద్దనాయిన: కాదు. వాన ఎవ్వని సొంతం గాదు. మీ తాత ఉన్నప్పుడు మన కుంట కింద మడులు పారేటియి. కాలం కానప్పుడు తైబందీ పెట్టుకునేటోళ్లు. ఇంతే నీళ్లున్నయ్, ఇంతే పారాలె అని అందరు కూసోని ఒప్పుకునేటోళ్లు. పై మడోడు కింది మడోని నీళ్లకు అడ్డం పడితే కులపోళ్లే నిలదీసేటోళ్లు. నువ్వు చెప్పే న్యాయం మాకు కొత్తదేం గాదు. కాని ఆ న్యాయంల ఇంకో సగమున్నది. నువ్వది చెప్పలే.

నేను: ఏంది?

పెద్దనాయిన: కుంటకు నీరడి ఉండేటోడు. రాత్రనక పగలనక కట్ట మీదనే. తూము తీసేది ఆయనే, మూసేది ఆయనే, గండి పడకుంట కాసేది ఆయనే. పంట కల్లానికి వచ్చినంక కింద పారకం ఉన్న ప్రతి రైతు ఆయనకు ఇంత ధాన్యం కొలిచేటోడు. కొలిచినంకనే బండికెత్తేది. ఇప్పుడు జెప్పు. గండిపేట కింద పారకం పట్నపోళ్లది. ఇన్నేండ్ల సంది నీరడితనం జేసింది ఈ ఊళ్లు. మాకెవరు కొలిచిండ్రు?

నా దగ్గర జవాబు లేదు. సుప్రీంకోర్టు తీర్పు మాత్రం గుర్తొచ్చింది. ఈ జలాశయాల పరీవాహకంలో ఆముదం నూనె ఆధారిత పరిశ్రమ పెట్టుకోవడం మీద నడిచిన కేసులో 1999లో జస్టిస్ జగన్నాథరావు రాసిన తీర్పు మన పర్యావరణ న్యాయంలో మైలురాయి. హాని జరగదని నిరూపించే భారం మార్పు కోరేవాడిదేనని, హాని జరుగుతుందని భయపడేవాడిది కాదని అది తేల్చింది. ఆ మాటే పెద్దనాయినకు చెప్పాను.

పెద్దనాయిన: మంచి తీర్పే. మరి నా భూమి ధర పడిపోతే నాకు నష్టం రాదని ఎవరు నిరూపించిండ్రు? చెరువుకు హాని అయితదేమోనని కోర్టు అంత ఆలోచన జేసింది. నాకు హాని అయితదేమోనని ఎవరు జేసిండ్రు?

అల్లుడు: రోడ్డు వెడల్పు జేసేటప్పుడు మున్సిపాలిటీ జాగ తీసుకుంటే టీడీఆర్ అని కాగితం ఇస్తున్నది గదా మామా. ఆ కాగితం అమ్ముకుంటే కొన్నోళ్లు వేరే దగ్గర ఇంకో రెండంతస్తులు ఏసుకుంటరు. చెరువు కొరకు ఆగిన భూమికి గూడ అట్లనే ఇయ్యొచ్చు.

నేను: న్యూయార్క్ నగరం ఆ పని ఇంకో తీర్గ జేసింది. దానికి నీళ్లు క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తయ్. 1997ల ఆ కొండల్లోని ఊళ్లతోని ఒప్పందం జేసుకున్నది. నీళ్లు పాడుగాకుంట సేద్యం జేసే రైతులకు, మురుగు శుద్ధి పెట్టుకునే ఊళ్లకు నగరమే ఖర్చు పెడుతది. కోట్ల డాలర్లు పోసి ఫిల్టర్ ప్లాంటు కట్టుడు కంటె ఇదే అగ్గువ అని లెక్క జూసుకునే జేసిండ్రు.

పెద్దనాయిన: నాకు గట్ల ఏటేట కొలిస్తే మూడెకరాలు అమ్మను. రాసిస్త. కొలవకపోతే అమ్ముత. అప్పుడు నన్నెవరూ తప్పు పట్టొద్దు.

ఆటో హారన్ వినిపించింది. మేం ముగ్గురం, కూలీ ఆమె కలిసి కట్టలు ఎక్కించాం. మాట అక్కడితో ఆగింది.

దీని మీద నా తీర్పు నేను చెప్పాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పైన కాలనీలు రాకూడదు. చిన్న ఇళ్లు, ఊరి అవసరాలకు కట్టే గదులు వేరే సంగతి. వాటిని ఆపడం అన్యాయం, ఆ అనుమతి గ్రామపంచాయతీ చేతిలో ఉండాలి. వాగులు, కుంటలు, శిఖం భూముల హద్దులు రాళ్లు పాతి, పటం గీసి, పంచాయతీ గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. ప్రహరీల వెనక లేచిన మేడలకు కూడా అదే పటం వర్తించాలి. అల్లుడి లాంటివాళ్లకు పరీవాహకం బయట, బస్సు అందే చోట, జీతానికి తగ్గ ఇల్లు దొరికే దారి ప్రభుత్వం చూపాలి. ఇవన్నీ అవసరమే. కాని ఇవన్నీ చేసి కూడా ఆ 84 ఊళ్లకు ఏమీ చెల్లించకపోతే, మరో ఇరవై ఏళ్లకు ఇంకో మంత్రివర్గం ఇంకో జీవో రద్దు చేస్తుంది. అప్పుడూ ఊళ్లో పండుగ చేసుకుంటారు.

హైదరాబాదులో నల్లా బిల్లు కట్టే ప్రతివారినీ ఒకటి కోరుతున్నాను. జలమండలిని, మీ కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను అడగండి. ఆ బిల్లులో పరీవాహక గ్రామాల వాటా అని ఒక పద్దు పెట్టమనండి. ఎంతన్నది ఆ ఊళ్లతో కూర్చుని తేల్చమనండి. అది భూమి ఉన్న రైతుకే ఆగిపోకుండా, కౌలుదారుకూ, కూలి ఆమెకూ అందేలా చూడమనండి. ఆ పద్దు వేసేదాకా, ఆంక్షలు ఉంచండి అని ఆ ఊళ్లను అడిగే హక్కు మనకు సగమే ఉంది.