పుట్టుకలో లేని గీత

బ్రాహ్మణుడయ్యేది పుట్టుకతోనా, చేతలతోనా అని వాదులాడుకున్న వాసెట్ఠ, భారద్వాజులకు బుద్ధ భగవానుడు ఏం చెప్పాడు? గడ్డికీ చెట్టుకీ, పాముకీ చేపకీ పుట్టుకతోనే వేర్వేరు గుర్తులున్నాయి. మనుషులకు లేవు. జుట్టులో, కళ్లలో, చెవుల్లో ఎక్కడా లేవు. పేర్లు మనం పెట్టుకున్నవే.

1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్కగట్టి చూశాడు. మనుషుల జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉన్నాయి. జాతుల మధ్య ఉన్నవి 6 శాతం పైచిలుకే. ఒంటి రంగంటారా, అది ఎండను బట్టి వచ్చింది.

మరి జాతి వట్టిదేనా? రక్తంలో వట్టిదే. కొట్టే చేతిలో, మూసే తలుపులో మాత్రం నిజమే. మనిషి గీసిన గీత, మనిషే చెరపాలి. ఇంట్లో పెళ్లి మాటలప్పుడు "మన రక్తం" అని నోటికొస్తే ఆగండి. సమ్మా వాచ అక్కడే మొదలవుతుంది.