అందరికీ చెప్పాం, ఆయనకు తప్ప



ఆదివారం దివ్యబలిపూజలో పక్కనున్నవారికి చేతులు జోడించి శాంతిని తెలుపుకుంటాం. సోమవారం ఆఫీసులో పక్క సీటు మనిషి ముఖం చూడడానికైనా ఇష్టపడం. ఇది మనలో చాలామంది ఎరిగిన సంగతే.

ఈ మధ్య మన విచారణలోని ఒక ప్రభుత్వోద్యోగి నా దగ్గరకు వచ్చాడు. (ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను. లేకపోతే నేనూ చాడీలు చెప్పినట్లే కదా!) పక్క సీటాయన ఫైళ్ళు అప్పగించకుండా సెలవు మీద వెళ్ళాడు. పని ఆలస్యమై మెమో ఈయనకు వచ్చింది. తప్పంతా పక్కాయనదేనంటూ వ్రాసుకున్న సంజాయిషీ జేబులోనే ఉంది.

"ఈ సంగతి ఎవరెవరికి చెప్పారు?" అని అడిగాను. టీ కొట్టు దగ్గర నలుగురికి, యూనియన్ నాయకునికి, ఇంట్లో భార్యకు, బావమరిదికి.

"మరి ఆయనకో?"

తల వంచుకున్నాడు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన క్రమాన్ని గమనించండి. సోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా వెళ్ళి అతనితోనే మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకువెళ్ళాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి తెలపాలి. మనం ఈ మెట్లను పైనుంచి కిందికి దిగుతాం. మొదటే సంఘానికి చెప్పేస్తాం, ఆ సంఘం క్యాంటీనులో ఉంటుంది! మాట నలుగురిలో పడ్డాక తప్పు చేసినవాడు ఒప్పుకోవాలనుకున్నా పరువు అడ్డుపడుతుంది. ఒంటరిగా వెళ్ళమన్నది అతనికి వెనక్కు తగ్గే దారి ఉంచడానికే.

ఈ జబ్బు గురువులమైన మాకూ ఉంది. 2014 డిసెంబరులో పోపు ఫ్రాన్సిస్ గారు వాటికన్ కార్యాలయాల పెద్దలకు క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతూ 15 జబ్బులను ఏకరువు పెట్టారు. వాటిలో చాడీలు ఒకటి.

అయితే ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఆఫీసులో ఆడపిల్లను లైంగికంగా వేధించేవాని దగ్గరకు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని ప్రభువు మాటలను అడ్డం పెట్టి ఎవరూ చెప్పకండి. "ఓర్చుకో తల్లీ, క్షమించు" అని నోరు మూయించకండి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువమంది ఉన్నచోట జిల్లా స్థాయి కమిటీకి చెప్పుకోవచ్చు. సాధారణంగా మూడు నెలలలోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తల్లిదండ్రులే వెంట వెళ్ళండి.

మన సోదరుని సంగతికి వస్తే, మధ్యాహ్నం భోజనాల వేళ, జనం లేనప్పుడు వెళ్ళమన్నాను. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టవద్దని, జరిగిన ఒక్క సంగతే అడగమని చెప్పాను. వెళ్ళాడు. మొదటి పది నిమిషాలు తిట్లే తిన్నాడట! పోయిన సంవత్సరం తన సెలవు చీటీ మీద ఈయన అధికారితో ఏదో అన్నాడని అవతలాయనకు ఎప్పటి నుంచో కోపం. అది నిజమే, ఈయన మరచిపోయాడు. ఆయన మరువలేదు.

వారిద్దరూ స్నేహితులేమీ కాలేదు. ఇప్పుడు సెలవు పెట్టినవారు ఫైళ్ళ జాబితా ఒక నోటుపుస్తకంలో వ్రాసి సంతకం చేసి వెళుతున్నారు. జేబులోని సంజాయిషీ చింపి ఈయన కొత్తది వ్రాశాడు. అప్పగింత తన వల్లే ఆగిందని దాని అడుగున పక్క సీటాయన రెండు వాక్యాలు వ్రాసి సంతకం పెట్టాడు. మెమో మాత్రం ఇంకా రద్దు కాలేదు.