గోడలకు రంగులు సరే, వారసుల హక్కు మాటేమిటి?

ఇల్లు అల్లాహ్ మనకు ప్రసాదించిన గొప్ప అనుగ్రహాలలో ఒకటి. అన్‌నహ్ల్ సూరా 80వ ఆయత్‌లో ఆయన మన ఇళ్ళను మనకు విశ్రాంతి నిలయాలుగా చేసిన సంగతి గుర్తు చేస్తున్నాడు. తాతలు కట్టిన ఇంటిని కూలిపోకుండా కాపాడుకోవటం, శుభ్రంగా, అందంగా ఉంచుకోవటం తప్పు కాదు. అయితే ఇటుక మీద చేయి వేసే ముందు విశ్వాసి తనను తాను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్నను మనలో చాలామంది మరచిపోతున్నాం.

కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలిసే ఊరు ఏలూరు. పక్కనే తమ్మిలేరు, దిగువన కొల్లేరు. ఈ పల్లపు ప్రాంతంలో పాత ఇళ్ళకు చెమ్మ పెద్ద శత్రువు. గానుగ సున్నంతో కట్టిన గోడలు నేల తడిని పీల్చుకుంటాయి. పై పెంకులు జారిపోతాయి, దూలాలకు చెద పడుతుంది. అటు తాడేపల్లిగూడెం వరకు ఏ వీధిలో చూసినా ఇలాంటి ఇళ్ళకు మరమ్మతులు జరుగుతూనే ఉంటాయి.

కొంతకాలం క్రితం ఏలూరులో ఒక సోదరుడు మమ్మల్ని తన ఇంటికి పిలిచారు. తండ్రి చనిపోయి తొమ్మిదేళ్ళయింది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఇంటిని బాగుచేయిస్తున్నారు. కడప రాళ్ళు తీసేసి గ్రానైటు వేయాలని, హాలుకు ఫాల్స్ సీలింగ్ పెట్టించాలని వారి ఆలోచన. "మౌలానా, ఇదంతా ఇస్రాఫ్ కిందికి వస్తుందా?" అని అడిగారు. మంచి ప్రశ్నే. మేము మాత్రం, "భాయ్, ఈ ఇల్లు ఎవరిది?" అని తిరిగి అడిగాం. "అబ్బాజాన్‌ది" అన్నారు. "అబ్బాజాన్ తరువాత?" అన్నాం. ఆయన మాట్లాడలేదు. ఆ ఇంట పుట్టిన ఆడపిల్లలు ఇద్దరున్నారు. వారి వాటా సంగతి ఈ తొమ్మిదేళ్ళలో ఎవరూ ఎత్తలేదు.

మరమ్మతు తప్పు కాదు, మితం తప్పకూడదు

ముందు ఆయన అడిగిన ప్రశ్ననే చూద్దాం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తమ గుడిసెను బాగుచేసుకుంటుండగా దైవప్రవక్త (స) అటుగా వెళ్ళారు. ఏమిటిదని అడిగారు. బలహీనపడింది, సరిచేస్తున్నామని వారు చెప్పారు. ఆయన (స) వద్దనలేదు. మృత్యువు అంతకంటే తొందరగా రావచ్చునన్న భావం వచ్చే మాట చెప్పారు. అంటే చేతులు పని చేయవచ్చు, మనసు మాత్రం గోడలో చిక్కుకుపోకూడదు.

మరొక సంఘటన. హజ్రత్ ఆయిషా (రజి) వాకిలికి ఒక అలంకారపు తెర కట్టారు. దైవప్రవక్త (స) దాన్ని తీసేశారు. రాళ్ళకు, మట్టికి బట్టలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదని తెలియజేశారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆ బట్టతోనే రెండు దిండ్లు కుట్టారు. ఆయన (స) దానికి అభ్యంతరం చెప్పలేదు. గోడకు కట్టినప్పుడు తగనిది, మనిషికి ఉపయోగపడినప్పుడు తగినదైంది. ఉన్ని తివాచీలు నేసి దూర దేశాలకు పంపిన ఏలూరు వారికి ఈ తేడా మరింత బాగా అర్థం కావాలి. నమాజుకు, కూర్చోవడానికి పరచుకున్న తివాచీ వేరు, బంధువుల కళ్ళు చెదరాలని గోడకు తగిలించింది వేరు.

కనుక చెమ్మ రాకుండా చేయటం అవసరం. పిల్లలకొక గది, వృద్ధురాలైన తల్లికి జారని నేల సౌకర్యం. వీటిలో దోషం లేదు. పక్కవారికంటే గొప్పగా కనిపించాలని వడ్డీకి అప్పు తెచ్చి చేసే ఆర్భాటంలోనే దోషం ఉంది. అలాగే మన గుమ్మం రెండడుగులు ఎత్తు చేసి వాన నీళ్ళన్నీ పొరుగువారి వాకిట్లోకి తోలటం పొరుగు హక్కుకు విరుద్ధం.

ఖుర్‌ఆన్ చెప్పిన మరమ్మతు

దివ్య ఖుర్‌ఆన్ అల్‌కహఫ్ సూరాలో ఒక గోడ మరమ్మతు ప్రస్తావన ఉంది. హజ్రత్ మూసా (అ), హజ్రత్ ఖిజర్ (అ) ఒక ఊరు వెళ్ళారు. ఆ ఊరివారు అన్నం కూడా పెట్టలేదు. అయినా అక్కడ పడిపోబోతున్న గోడను హజ్రత్ ఖిజర్ (అ) నిలబెట్టారు, కూలి తీసుకోలేదు. కారణం తరువాత తెలిసింది. ఆ గోడ ఇద్దరు అనాథ బాలలది. దాని కింద వారి నిధి ఉంది. వారు పెద్దవారై తమ సొత్తు తాము తీసుకోవాలన్నది అల్లాహ్ సంకల్పం.

ఆలోచించండి! అక్కడ వారసుల హక్కు భద్రంగా ఉండటానికి గోడ లేచింది. మన ఇళ్ళలో గోడ లేస్తోంది, వారసుల హక్కు దాని కింద సమాధి అవుతోంది.

లెక్క ఎంత సులువో చూడండి

తల్లిదండ్రులు వదిలిన ఆస్తిలో, అది కొద్దిదైనా ఎక్కువైనా, స్త్రీలకు కూడా నిర్ణీత భాగం ఉందని అన్‌నిసా సూరా 7వ ఆయత్ తెలుపుతోంది. 11, 12 ఆయత్‌లు వాటాలను నిర్ణయించాయి. ముందు మృతుని అప్పులు తీర్చాలి (చెల్లించని మహర్ కూడా అప్పే), వసీయత్ ఉంటే నెరవేర్చాలి. ఆ తరువాత ఇల్లు 48 లక్షల విలువ చేస్తుందనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు వారసులు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 6 లక్షలు. మిగిలిన 42 లక్షలలో ఒక్కొక్క కొడుకుకు 14, ఒక్కొక్క కూతురికి 7 లక్షలు. దీనికి పెద్ద పండితుడు అక్కరలేదు, అల్లాహ్ భయం ఉంటే చాలు.

కాని సాకులు మాత్రం కొల్లేటి చేంతాడంత. "పెళ్ళిలో కట్నం ఇచ్చాంగా" అంటారు. కట్నం ఇస్లాం నేర్పని దురాచారం. ఒక తప్పు మరొక తప్పుకు పరిహారం కాదు. వారసత్వ హక్కు తండ్రి మరణంతో పుడుతుంది, పెళ్ళి ఖర్చు దానికి చెల్లు కాదు. "చెల్లెలు తనే వద్దంది" అంటారు. తన వాటా ఎంతో తెలియక, అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుందన్న భయంతో అన్న మాట మనస్ఫూర్తి అంగీకారం ఎలా అవుతుంది? ముందు ఆమె వాటా ఆమె చేతిలో పెట్టండి. ఆ తరువాత ఆమె ఇస్తే అది కానుక.

"మేము లక్షలు ఖర్చు పెట్టాం, ఇల్లు మాదే" అనేవారూ ఉన్నారు. 2006లో కొల్లేరు అభయారణ్యంలో చేపల చెరువుల గట్లను తొలగించిన సంగతి మన ప్రాంతం వారందరికీ తెలుసు. ఎంత సొమ్ము పోసి గట్టు వేసినా సరస్సు నేల సరస్సుదే అయింది. ఖర్చు పెట్టినంత మాత్రాన యాజమాన్యం రాదు. జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల వరకు అది చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ జానెడు మన హాలులోనే ఉందేమో చూసుకోవాలి.

మరేం చేయాలి?

ఇల్లు అమ్మవలసిన పని లేదు. నమ్మకస్తులతో విలువ కట్టించండి. వాటాలు కాగితం మీద రాయండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే అక్కచెల్లెళ్ళ సమ్మతితో వాయిదాలు పెట్టుకోండి, సాక్షులతో రాసుకోండి. అప్పును రాసుకోమని అల్‌బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశం. ఎవరైనా ఇప్పటికే సొంత డబ్బు ఖర్చు పెట్టి ఉంటే ఆ లెక్కను ముఫ్తీ గారి ముందు పెట్టి తేల్చుకోండి.

ఏలూరు సోదరుడు ఆ వారమే పని ఆపించారు. అమ్మీని మధ్యలో కూర్చోబెట్టి చెల్లెళ్ళిద్దరినీ పిలిచారు. మూడేళ్ళ వాయిదాలకు ఒప్పందం రాసుకున్నారు. గ్రానైటు రాలేదు, కడప రాళ్ళే ఉన్నాయి. కప్పు కారకుండా, గోడకు చెమ్మ ఎక్కకుండా మాత్రం చేయించారు. మొదటి వాయిదా అందిన రోజున చిన్న చెల్లెలు అన్న మాట ఆయనే మాకు చెప్పారు: "డబ్బు సంగతి కాదు భాయిజాన్, ఈ ఇంట్లో నేను కూడా ఉన్నానని నీకు గుర్తొచ్చింది."

సున్నపు గోడలో తడి ఉండగా పైన సిమెంటు పూసి రంగు వేస్తే అది నిలవదు. రెండు వానాకాలాలకే పొక్కి రాలుతుంది. పరుల హక్కు దాగిన ఇంటి అలంకారం కూడా అంతే. అల్లాహ్ మన ఇళ్ళను హలాల్ సంపాదనతో, హక్కుదారుల సంతృప్తితో నిలిపే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.