పక్క సాలు

తుమ్మలపల్లె పేరు దేశానికి తెలిసింది యురేనియం వల్ల. 2007 నవంబరులో రాజశేఖరరెడ్డి గారు శంకుస్థాపన చేశారు. 2012లో గనీ, దాని పక్కనే ఖనిజాన్ని శుద్ధి చేసే మిల్లూ పనిలోకి వచ్చాయి. ఈ మధ్యలో, 2011లో, అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49 వేల టన్నుల నిల్వ తేలిందనీ, అది మూడింతలు కూడా కావచ్చుననీ చెప్పేసరికి కడప జిల్లాలోని ఈ వేముల మండలం ఒక్కపూటలో ప్రపంచ వార్త అయి కూర్చుంది. ఆ వార్త పాతబడిపోయింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరిని కదిలించినా ముందు వచ్చే మాట బోరు నీళ్ళు.

యురేనియం తీసుకోగా మిగిలిన బురదను కె.కె. కొట్టాల దగ్గర గట్టు కట్టి నిలవచేస్తున్నారు. టెయిలింగ్ పాండ్ అనే మాట ఇప్పుడు అక్కడి పిల్లలకు కూడా నోటికొచ్చు. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు అరటి మాడిపోతోందనీ, నేల ఉప్పు కక్కుతోందనీ, ఒంటికి దద్దుర్లు లేస్తున్నాయనీ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. ఈ నేలలో, ఈ నీళ్ళలో యురేనియం సహజంగానే ఉంది, మా వల్ల చేరింది కాదు అని గని నడిపే సంస్థ వాదన. అట్లయితే పరీక్ష చేసి కాగితం మీద చూపించండి అన్నారు రైతులు. లీటరు నీళ్ళలో 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, 60 దాకా ఫరవాలేదని మన అణుశక్తి నియంత్రణ మండలి అంటుంది. ఈ లెక్కలు బడి మొగం సరిగ్గా చూడని మనుషుల నోట నేను విన్నాను. ఎవరు పరీక్ష చేశారు, ఏ బోరులో పట్టారు, ఏ నెలలో పట్టారు అని ఆరా తీసేవాళ్ళను చూశాను. ఒక ఊరు మొత్తం కలిసి రుజువు అడగడం నేర్చుకుంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే ఆ దోవన ఒకసారి పోయి రావాలి.

అందుకే, ఆ మనుషుల బంధువర్గంలోనే, పులివెందులలో ఒక ఇంటి వసారాలో విన్న మాట నన్ను వదలడం లేదు. మూలికల పొడి ఉన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూత తిప్పుతూ ఒకాయన తన మామతో అంటున్నాడు: "రెండు చెంచాలు పొద్దున్నే పరగడుపున తాగు మామా. రగతం శుద్ధయితాది. కిడ్నీల్లో చేరిన విషమంతా లాగేస్తాది. రేడియేషన్ గూడా నిలవదు." మామ తలూపాడు. డబ్బా ఖరీదు వారం పది రోజుల కూలి. దాన్ని ఎవరు పరీక్ష చేశారు, ఎంతమంది మీద చేశారు, ఏ కాగితంలో ఉంది అని వసారాలో ఎవరూ అడగలేదు. గనిని పదేళ్ళు నిలదీసిన నోళ్ళు అక్కడ ఎందుకు కట్టుబడ్డాయి? తెలివి తక్కువై మాత్రం కాదు. నాకు తోచిన జవాబు చివర్లో చెబుతాను. దానికి ముందు ఇంకో డబ్బా సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే యురేనియానికీ అద్భుత ఔషధానికీ చుట్టరికం ఇప్పటిది కాదు.

యురేనియం కోట్ల ఏళ్ళ మీద తనంత తాను క్షీణిస్తూ పోతే మధ్య మెట్టులో రేడియం పుడుతుంది. కొట్టాల బురదలో మిగిలేవాటిలో అదీ ఒకటి. ఆ రేడియాన్ని వంద ఏళ్ళ కింద అమెరికాలో సీసాల్లో పోసి అమ్మారు. న్యూజెర్సీలో విలియం బెయిలీ అనే ఆయన, డాక్టరు కాని ఆయన, 1925 నుంచి 'రేడిథోర్' అనే నీళ్ళు అమ్మాడు. బొటనవేలంత సీసా, ఒక డాలరు. నీరసం మొదలు మగతనం దాకా అన్నిటికీ అదే మందు. రాసిచ్చిన డాక్టర్లకు కమిషన్ కూడా ముట్టేది. పిట్స్‌బర్గ్‌లో ఎబెన్ బయర్స్ అనే ఉక్కు వ్యాపారి చేతికి దెబ్బ తగిలితే, డాక్టరు చెప్పాడని మొదలుపెట్టాడు. ఒళ్ళు తేలికయినట్టు, వయసు తగ్గినట్టు అనిపించింది. సంతోషంతో స్నేహితులకు పెట్టెలు పెట్టెలు పంపించాడు, తన పందెం గుర్రాలకు కూడా తాపించాడు. దాదాపు 1,400 సీసాలు తాగాడంటారు. ఎముకల్లో కాల్షియం చేరే చోటే రేడియం చేరుతుంది. పళ్ళు రాలాయి, దవడ ఎముక తీసేయాల్సి వచ్చింది. 1932 మార్చి 31న చనిపోయాడు. సీసం పూత పూసిన పెట్టెలో పూడ్చిపెట్టారు.

ఈ కథలో అందరూ ఆ దవడ దగ్గర ఆగిపోతారు. నన్ను ఆపేది వేరే. రేడిథోర్ నకిలీ సరుకు కాదు. ఆ రోజుల్లో రేడియం పేరు పెట్టి మామూలు నీళ్ళు అమ్మిన మోసగాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ సీసాలు తాగినవాళ్ళకు డబ్బులే పోయాయి. బెయిలీ సీసాలో చెప్పిన రేడియం చెప్పినట్టే ఉంది. చీటీ మీది మాట నిజం కావడం వల్లే మనిషి చచ్చిపోయాడు. సరుకు అసలుదా నకిలీదా అనేది ఒక ప్రశ్న, అది పని చేస్తుందా అనేది వేరే ప్రశ్న, ఏం చెరుపు చేస్తుంది అనేది మూడోది. డబ్బా కొనేటప్పుడు మనం మొదటిదొక్కటే అడుగుతాం. 'ఒరిజినలేనా అన్నా?' అంటాం. ఒరిజినలే. రెండోదీ నిజమే అనిపించడానికి బయర్స్‌కు తన ఒళ్ళే సాక్ష్యం చెప్పింది. మూడోది తెలియడానికి ఏళ్ళు పట్టింది.

సహజం అనే మాట సంగతి చూడండి. గని పక్షాన మాట్లాడేవాళ్ళు నీళ్ళలో యురేనియం సహజం అంటే మా రైతులకు మండుకొస్తుంది. సహజమైతే తాగొచ్చా అని అడుగుతారు, సరిగ్గానే అడుగుతారు. డబ్బా మీద నూటికి నూరు శాతం సహజం అని ఆకుపచ్చ అక్షరాలు కనిపిస్తే మాత్రం అదే మాట వాళ్ళకు ధైర్యమిస్తుంది. గన్నేరుకాయ ఏం చేస్తుందో, ఉమ్మెత్త ఏం చేస్తుందో తెలియని పల్లె రాయలసీమలో ఉందా?

మూలికల్లో ఇంకో చిక్కుంది. 1990ల మొదట్లో బెల్జియంలో, బ్రస్సెల్స్‌లోని ఒక క్లినిక్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్ళకు ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీలు చెడిపోయాయి. లెక్క వంద దాటింది. వెతికితే ఒక మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క పడిందని తేలింది. ఆ జాతిలోని ఆమ్లం కిడ్నీలను ఎండగట్టడమే కాదు, మూత్రనాళాల్లో క్యాన్సరు కూడా తెస్తుంది. ఆ మొక్కకు చుట్టాలు మనకూ ఉన్నాయి. పాము కాటుకు పేరున్న ఈశ్వరి, నల్లరేగడి చేలల్లో పాకే గాడిదగడపాకు ఆ జాతివే. 2021లో ముంబై డాక్టర్లు, కరోనా కాలంలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ఒక వైద్యపత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ అభ్యంతరం చెప్పింది: వాళ్ళు తిన్నది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగేనా తేల్చలేదు కదా అని. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. నన్ను ఎక్కువ భయపెట్టిందీ అదే. తీగ ఎదురుగా ఉన్నప్పుడే ఇంత పొరబాటుకు తావుంటే, ఎండబెట్టి దంచి డబ్బాకెత్తిన పొడిలో ఏ తీగ ఉందో పులివెందుల వసారాలో కూర్చున్న మామకు ఎట్లా తెలుస్తుంది?

ఈ మాటలంటే ఆయుర్వేదాన్ని తిట్టినట్టు కొందరికి తోస్తుంది. చరకసంహిత రుజువు గురించి మనకన్నా పట్టింపుగా మాట్లాడింది. ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని నాలుగు ప్రమాణాలు చెప్పి, మాట నమ్మదగినవాడు రజస్తమోగుణాలు వదిలినవాడై ఉండాలని షరతు పెట్టింది. ప్రాణాన్ని కాపాడే వైద్యుడు ఒకడు, రోగాన్ని పెంచే వైద్యుడు ఒకడు అని రెండు తెగలుగా విడగొట్టి, రెండో తెగవాళ్ళు ఊళ్ళో తమ గొప్పలు తామే ఎట్లా చెప్పుకుంటారో కూడా వివరించింది. డబ్బాకింత అని కమిషన్ తీసుకునేవాడు ఆ షరతు దగ్గరే ఆగిపోతాడు.

కృష్ణపట్నం మాటకొస్తే, అక్కడ కరోనాకు మూలికల మందు పంచిన ఆనందయ్య గారు డబ్బు తీసుకోలేదు, అది ఒప్పుకోవాలి. 2021 మేలో నెల్లూరు జిల్లా రోడ్లన్నీ ఆ ఊరికే దారితీశాయి. కడప నుంచీ బండ్లు కట్టుకొని పోయారు. ఆక్సిజన్ దొరకని రోజులు, మంచం దొరకని రోజులు. పోయినవాళ్ళను నేను ఎగతాళి చేయలేను. జనం ఎక్కువై పంపిణీ ఆగింది, ఆయుర్వేద పరిశోధన మండలి పరిశీలించింది, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావాటికి ప్రభుత్వం సరేనంది. కరోనాను తగ్గిస్తుందని రుజువు లేదు, హాని కూడా కనిపించలేదు అన్నది సారాంశం. మా ఊళ్ళలో మాత్రం రెండో సగమే వినబడింది. 'గవర్మెంటు ఒప్పుకున్నాది' అన్నారు. హాని కనిపించలేదంటే మేలు చేస్తుందని ఎప్పుడు అర్థమైంది? కంటి చుక్కలతో ఊపిరి తిరిగిందని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. ఆయన కొద్దిరోజులకే నెల్లూరు ఆసుపత్రిలో చనిపోయారు. ఆ కబురు వీడియో తిరిగినంత దూరం తిరగలేదు. కరోనా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఏ మందూ లేకున్నా కోలుకున్నారు. కోలుకున్నవాళ్ళే సాక్ష్యం చెప్పగలరు, పోయినవాళ్ళ సాక్ష్యం ఎవరి ఫోన్‌లోనూ ఉండదు.

ఈ మర్మం మా రైతుకు తెలియంది కాదు. మందుల అంగడివాడు కొత్త బయో మందు చేతిలో పెట్టి చీనీ తోటకంతా కొట్టమంటే కొట్టడు. రెండు సాళ్ళకు కొట్టి, పక్క సాలు వదిలేసి, వారం తర్వాత రెండూ చూస్తాడు. వాన పడి తోటంతా పచ్చబడితే అది మందు గొప్పతనం కాదని పక్క సాలు చెబుతుంది. లక్షలు పోసి వైద్యశాస్త్రం చేసే పరీక్షల్లో మూలసూత్రం ఇదే. మరి ఒంటి దగ్గరికొచ్చేసరికి ఈ విద్య ఎటు పోతుంది? ఒంటికి పక్క సాలు లేదు. డబ్బా తాగిన సుబ్బారెడ్డి ఒక్కడే ఉంటాడు, తాగని సుబ్బారెడ్డి ఎక్కడా ఉండడు. తాగకున్నా నొప్పి తగ్గేదేమో అని చెప్పగల మనిషి పుట్టలేదు. అందుకే వేరేవాళ్ళ ఒళ్ళు కొన్ని వందలు కలిపి, సగం మందికి మందిచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూడాల్సి వచ్చింది. నా అనుభవమే నాకు రుజువు అనే మనిషి, అబద్ధం చెప్పకుండానే, ఏమీ తెలియని విషయం గురించి మాట్లాడుతున్నాడు.

ఇక నా జవాబు. గనిని అనుమానించడానికి ఊరు కలిసింది. ఎదురుగా ఉన్నది కంపెనీ, దూరంగా ఉన్న ఢిల్లీ. అక్కడ అనుమానం మనుషులను దగ్గర చేసింది. డబ్బా తెచ్చేవాడు తోడల్లుడు, చిన్నాన్న కొడుకు, బిడ్డకు పాఠం చెప్పే అయ్యవారు. ప్రొద్దుటూరు కళ్యాణమండపంలో మీటింగుకు పోయి, కోటు వేసుకున్నవాడి మాటలు విని, అప్పు చేసి పది డబ్బాలు ఎత్తుకొచ్చినవాడు. వాణ్ణి రుజువు అడగడమంటే పొడిని అడిగినట్టుండదు, వాణ్ణే అనుమానించినట్టుంటుంది. రేపు పెండ్లిలో ఎదురుపడాలి కదా. కాబట్టి మామ తలూపుతాడు. వాడు అమ్మేది చుట్టరికం, పొడి దాని మీద కొసరు. ఈ పద్ధతిని కనిపెట్టినవాళ్ళకు మన వసారాలు మనకన్నా బాగా తెలుసు. బయర్స్ స్నేహితులకు పంపిన పెట్టెల్లో కూడా ప్రేమ తప్ప ఏముంది?

చట్టం ఉంది. 1954 నాటిది. క్యాన్సరు, షుగరు లాంటి జబ్బులు మాయం చేస్తామని ప్రకటన ఇస్తే తప్పు. పత్రికలోదీ గోడ మీదిదీ అయితే కంటికి కనిపిస్తుంది. మామ చెవిలో అల్లుడు చెప్పింది ఏ ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు? డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ 14 అంకెల నంబరు చూపించి గవర్మెంటు ముద్ర అంటారు. అది తిండి పదార్థం అమ్ముకోవడానికిచ్చిన లైసెన్సు. ఔషధంగా వాడరాదు అని ఆ డబ్బా మీదే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అమ్మేవాడు చదవడు, తాగేవాడికి రాదు.

ఆ బోరు నీళ్ళ భయం ఉత్తదని నేననను. యురేనియం ఎక్కువైతే మొదట దెబ్బతినేది కిడ్నీలే. దాన్ని పొడి తాగి లాగేయవచ్చనే మాటకే ఆధారం లేదు. నిజంగా అనుమానముంటే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి, మూత్రం చూపించుకోవాలి, తాగే నీళ్ళు మార్చుకోవాలి. ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరు వేరే మందులేమన్నా వాడుతున్నావా అని అడిగితే మా వాళ్ళు లేదు సార్ అంటారు. అబద్ధమాడాలని కాదు, వాళ్ళ లెక్కలో డబ్బా మందు కాదు. డాక్టరు ఆ జవాబు నమ్మి నీళ్ళలో కారణం వెతుకుతాడు, లేదా బీపీలో వెతుకుతాడు. అందుకే ఈ మధ్య నేను డబ్బా మానేయమని వాదించడం తగ్గించి, పోయేటప్పుడు దాన్నీ సంచిలో వేసుకోమని చెబుతున్నాను.

"డాక్టరు తిడతాడేమో అన్నా" అన్నాడు ఆ వసారాలోని అల్లుడు, మామ తరఫున.

"తిట్టనీలే. ఎందుకు తిట్టినాడో రాయించుకోని రా."