అల్పాయుష్షు పాపఫలమేనా?

కర్మ మూడు రూపాల్లో పండుతుందని యోగసూత్రాల రెండో పాదంలో పతంజలి చెప్పాడు: జాతి, ఆయువు, భోగం. లోకంలో ఈ మాట కాస్త రూపం మార్చుకుని స్థిరపడింది. దీర్ఘాయుష్షు పుణ్యం వల్ల, అల్పాయుష్షు పాపం వల్ల అంటాం. నూరేళ్లకు ఎంత తగ్గితే బతుకు అంత వెలితి అన్న కొలబద్ద అలా చేతికొచ్చింది. ఒక చిన్న చేప కంటి దగ్గర ఈ కొలబద్ద పనిచేయదని నా వాదన.

జింబాబ్వే, మొజాంబిక్‌లలో వానలకు నిండే గుంటల్లో నోతోబ్రాంకియస్ ఫర్జెరి అనే కిల్లీఫిష్ బతుకుతుంది. గుంట ఎండగానే చేపలన్నీ చస్తాయి. గుడ్లు మాత్రం మట్టిలో నెలల తరబడి నిద్రాణంగా ఉండి, మళ్లీ నీళ్లు చేరాక పిల్లలవుతాయి. పరిస్థితులు అనుకూలిస్తే ఆ పిల్లలు రెండు వారాల్లోనే ఈడుకొస్తాయి. నీటికి కొదవలేని ప్రయోగశాల తొట్టెలో కూడా దీని పొట్టి ఆయుష్షు రకం ఆరు నెలలు దాటడం అరుదు. ఇంత కొద్దిపాటి బతుక్కి ప్రకృతి ఏదో చవకరకం కన్ను ఇచ్చి సరిపెట్టి ఉంటుందనిపిస్తుంది. కానీ దాని రెటీనాలో నాడీ వృద్ధి కారకం, దాని తోబుట్టువు లాంటి బి.డి.ఎన్.ఎఫ్. ఉన్నాయి. నాడీకణాలు పెరగడానికి, నిలబడడానికి తోడ్పడే ఈ ప్రొటీన్లే మన దేహంలోనూ ఉన్నాయి. పిండంలో నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి. వెళ్లి చేరిన చోట ఈ పోషణ అందినవి నిలుస్తాయి, అందనివి రాలిపోతాయి. నాడీ వృద్ధి కారకాన్ని 1950లలో కనుగొన్న రీటా లెవి మోంటాల్చిని, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది. ముస్సోలినీ జాతి చట్టాలు విశ్వవిద్యాలయం తలుపులు మూసేస్తే ట్యూరిన్‌లో తన పడకగదిలోనే కోడిపిండాల నాడులను పరిశీలించిన మనిషి ఆమె. బతికింది 103 ఏళ్లు. ఆమె కంటికీ ఈ చేప కంటికీ ఒకే కుటుంబపు అణువులు కాపలా కాశాయి.

ఇది ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి మాత్రమే, దీనికి తాత్త్విక గౌరవం అంటగట్టడమెందుకని జీవశాస్త్రజ్ఞులు అడగవచ్చు. పైగా శరీరం తన మరమ్మతుకు ఓ హద్దు వరకే ఖర్చుపెడుతుందని, మిగతాది సంతానానికి మళ్లిస్తుందని 1977లో టామ్ కర్క్‌వుడ్ ప్రతిపాదించాడు. అందుకు తగ్గట్టే ఈ చేప రెటీనా నెలల్లోనే ముసలిదవుతుంది, దెబ్బతిన్న కంటినాడిని తిరిగి పెంచుకునే శక్తి సన్నగిల్లుతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. అయితే ఈ అభ్యంతరం నా వాదనకే బలం. ఎదుగుదల, ఈడు, సంతానం, ముసలితనం, అన్నీ ఆ కొద్ది నెలల్లోనే పూర్తయ్యాయంటే ఆయువు జాతితో కలిసే పుట్టిందన్నమాట. అలాంటప్పుడు ఒక జాతి ఆయువును మరో జాతి ఆయువు పక్కన పెట్టి తక్కువైందనడంలో అర్థం లేదు. పతంజలి కూడా మరుసటి సూత్రంలో పుణ్యపాపాలను ముడిపెట్టింది ఆహ్లాద పరితాపాలతో. ఆయువు పొడవుతో కాదు.

అలాగైతే అన్ని ఆయువులూ సమానమేనా? కఠోపనిషత్తులో యముడు ఎన్నేళ్లయినా బతకమన్నా, ఎంత ఆయువైనా కొంచెమేనని నచికేతుడు తోసిపుచ్చుతాడు. మోక్షం కోరేవాడికి ఆ మాట సరిపోతుంది. కానీ దాన్ని అయిదేళ్లకే పోయిన బిడ్డకు వర్తింపజేస్తే నేను ఒప్పుకోను. అయిదు నెలల చేప తన జాతికున్న దశలన్నీ చూసింది. ఆ బిడ్డ చూడలేదు. అక్కడ నష్టం నిజమే, దుఃఖం న్యాయమే. అయితే ఆ నష్టానికి రోగమో ప్రమాదమో కారణంగా కళ్లెదుట కనబడుతున్నప్పుడు, ఏనాటి పాపమో అని తల్లిదండ్రుల మీద అదనపు భారం మోపేవారికి ఈ సూత్రాల్లో దొరికే ఆసరా చాలా తక్కువ.