వెనక్కి తీసుకోగల నిర్ణయం

నలభై నాలుగేళ్ల ఆడమనిషి ఒంట్లో ఏం జరుగుతోందో ఖాయంగా చెప్పే రక్తపరీక్ష ఒక్కటీ లేదని హన్మకొండలో మా డాక్టరమ్మ అన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. థైరాయిడ్‌కు పరీక్ష ఉంది, షుగర్‌కు ఉంది, రక్తం తక్కువైతే ఉంది. దీనికెందుకు లేదు? ఎఫ్‌ఎస్‌హెచ్ అని ఒకటుంది గానీ, ఈ దశలో అది ఈ వారం ఒక అంకె చూపించి వచ్చే వారం మాట మారుస్తుందట. అందుకని ఆవిడ పరీక్ష రాయకుండా ప్రశ్నలు అడుగుతూ కూర్చున్నారు. నెలసరి ఎన్ని రోజులకు వస్తోంది, ఇదివరకు ఎలా వచ్చేది, రాత్రి మెలకువ వచ్చాక మళ్లీ నిద్ర పడుతోందా, సెగ ఛాతీలో మొదలై పైకి పాకుతుందా. ఒకసారి మూడు వారాలకే వస్తోంది, ఇంకోసారి అయిదు వారాలు దాటుతోంది అన్నాను. ఒక నెలకూ తర్వాతి నెలకూ మధ్య తేడా ఏడు రోజులో ఆ పైనో ఉండటం పదే పదే జరుగుతుంటే దాన్ని తొలి దశగా లెక్కిస్తారని చెప్పి, చీటీ మీద పెరిమెనోపాజ్, అంటే ముట్లుడగడానికి ముందు దశ, అని రాశారు. దాని కింద చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్, రాత్రి పడుకునే ముందు వేసుకోవాల్సిన ప్రొజెస్టిరాన్ గోళీ. "తొందరేం లేదు మేడం. మొదలుపెట్టాలా వద్దా, ఆలోచించుకుని రండి" అన్నారు.

డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. ఆలోచించుకోవడం నాకు అలవాటున్న పనే అనుకున్నాను. కానీ ఈ లెక్కలో ఒక చిక్కుంది. తూకం వేయాల్సిన మనిషే నిలకడగా లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్నప్పుడు ఏ మందైనా సరే, రేపే మొదలుపెట్టాలనిపిస్తుంది. నాలుగు రోజులు కంటినిండా నిద్రపోతే, ఇంత చిన్న విషయానికి హార్మోన్లేమిటి అనిపిస్తుంది. ఇద్దరూ నేనే. ఇందులో ఎవరి మాట చెల్లాలి? మామూలుగా మనిషి నిర్ణయించేటప్పుడు తనలో ఎంతో కొంత కదలనిది ఉందని నమ్మి, దాన్ని అడుగుతాడు. ఇప్పుడు నేను అడగబోయేసరికి అదే కదులుతోంది.

కోపం సంగతి కూడా ఇంతే. మా ఇంట్లో ఈమధ్య నేను గొంతు పెంచితే, "హార్మోన్లు గదా, కొంచెం నిమ్మళంగుండు" అనే మాట వస్తోంది. ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. పరీక్షల డ్యూటీ నుంచి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి, చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టాలకు వంట చేయాల్సి వస్తే కోపం రావడానికి హార్మోన్ అవసరమా? ఒంట్లో రసాయనం మారినంత మాత్రాన కారణం అబద్ధమైపోదు. ఇరవై అయిదేళ్లప్పుడు కూడా నా ఒంట్లో హార్మోన్లున్నాయి. అప్పటి నా ఓపికను ఎవరూ వాటి ఖాతాలో వేయలేదు, నా మంచితనమనే అన్నారు. ఈ మందుతో నాకున్న మొదటి భయం జబ్బు గురించి కాదు. అది వేసుకుంటే మళ్లీ ఆ పాత ఓపిక వచ్చేస్తుందేమో, దాన్ని అందరూ బాగుపడటం అనుకుంటారేమో అన్నది.

ఈ భయానికి చరిత్రలో ఆధారం ఉంది. 1966లో అమెరికాలో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు 'ఫెమినైన్ ఫరెవర్' అని ఒక పుస్తకం రాశాడు. ముట్లుడిగిన స్త్రీ అంటే ఈస్ట్రోజెన్ లోటు అనే జబ్బున్న మనిషి అని, మందు వేస్తే మళ్లీ మొగుడికి నచ్చేలా తయారవుతుందని దాని సారాంశం. లక్షలమంది వాడారు. 1975 నాటికి తేలిందేమిటంటే, గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ పెరుగుతుంది. నా చీటీలో రాత్రి గోళీ ఉన్నది అందుకే. ఆ పొరను కాపాడటానికి.

తర్వాత 2002 జులై. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో, 16,608 మందితో నడుస్తున్న ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. మందు వాడిన పదివేలమందిలో ఏడాదికి 38 మందికి రొమ్ము క్యాన్సర్, మందు లేని ఉత్తి గోళీ వేసుకున్న పదివేలమందిలో 30 మందికి. పత్రికలు 26 శాతం పెరిగిందని రాశాయి. పదివేలకు ఎనిమిది అన్నా, 26 శాతం అన్నా రెండూ నిజాలే. మొదటిది విని మనిషి ఆలోచిస్తుంది, రెండోది విని గోళీలు చెత్తబుట్టలో పారేస్తుంది. అదే లెక్కలో పక్షవాతం 21 నుంచి 29కి పెరిగింది, తుంటి ఎముక విరగడం 15 నుంచి 10కి తగ్గింది. ఆ తుంటి ఎముకల కథ ఏ పతాకశీర్షికలోకీ ఎక్కలేదు.

నా విద్యార్థులకు నేను ముందుగా నేర్పేది, ఈ అంకె ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అడగమని. ఆ అధ్యయనంలో ఉన్నవాళ్ల సగటు వయసు 63. యాభై నిండనివాళ్లను చేర్చుకోనేలేదు. వాళ్లకిచ్చింది చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, దానికి తోడు మరో కృత్రిమ హార్మోను, నోటి ద్వారా. నాకు రాసింది మన అండాశయం తయారుచేసే ఎస్ట్రడయోలే, చర్మం ద్వారా. అలా వెళ్తే కాలేయాన్ని తప్పించుకుంటుంది గనుక రక్తం గడ్డకట్టే ముప్పు గోళీలకన్నా తక్కువ. అరవై లోపు, ముట్లుడిగిన పదేళ్ల లోపు మొదలుపెడితే చాలామందికి కీడుకన్నా మేలే ఎక్కువని ఇప్పుడు వైద్య సంఘాలు అంటున్నాయి. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల పెట్టెల మీది పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తీసేయిస్తామని ప్రకటించింది. ఇరవై మూడేళ్లు భయపెట్టి, ఇప్పుడు భయం వద్దంటే ఒక్కపూటలో పోతుందా?

అయినా ఈ ధైర్యవచనాలు కూడా సూటిగా నాకోసం చెప్పినవి కావు. నాకింకా నెలసరి ఆగలేదు. పెరిమెనోపాజ్ తొలి దశలో ఈస్ట్రోజెన్ తగ్గిపోయిందని కూడా అనలేం. ఒక నెల మామూలు కన్నా ఎక్కువ ఉంటుంది, ఇంకో నెల జారిపోతుంది. ముందుగా తగ్గేది ప్రొజెస్టిరాన్. లేనిదాన్ని నింపడం అంటే అర్థం ఉంది. ఒక రోజు ఉండి ఒక రోజు లేనిదాన్ని ఎలా నింపుతారు? కెనడాలో జెరిలిన్ ప్రయర్ అనే వైద్యురాలు ఏళ్ల తరబడి ఈ వాదనే చేస్తూ, ఈ దశలో ఉన్న స్త్రీలకు ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఇచ్చి ఒక పరీక్ష నడిపారు. 2023లో ఫలితాలొచ్చాయి. వేడి సెగల లెక్కలో ఉత్తి గోళీకీ దానికీ గట్టి తేడా తేలలేదు, కానీ రాత్రి చెమటలు తగ్గాయని, నిద్ర బాగుపడిందని మందు వాడినవాళ్లు చెప్పారు. లెక్క ఒకటి చెప్తుంది, మనిషి ఇంకోటి చెప్తుంది. పాఠం చెప్పేటప్పుడైతే లెక్క వైపే ఉంటాను. అర్ధరాత్రి తడిసిన జాకెట్ మార్చుకునేటప్పుడు అంత ఖాయంగా చెప్పలేను.

ఓపిక పడితే అదే పోతుంది గదా అనేవాళ్లున్నారు. పోతుంది, ఎప్పుడన్నదే ప్రశ్న. అమెరికాలో 'స్వాన్' అధ్యయనంలో ఈ సెగలు సగటున ఏడేళ్లకు పైగా సాగాయని, తొలి దశలోనే మొదలైనవాళ్లకు పదకొండేళ్లు కూడా దాటాయని తేలింది. ఇక ఇదంతా ప్రకృతి సహజం, మందులెందుకు అనే సలహా. సహజమే. కళ్లకు చత్వారం రావడమూ సహజమే, అయినా ఆ సలహా ఇచ్చే పెద్దమనిషి అద్దాలు పెట్టుకునే ఇస్తాడు.

ఇదంతా నా గొడవ అనుకుంటూ ఉండేదాన్ని, మా చిన్నమ్మతో మాట్లాడేదాకా. వర్ధన్నపేట దగ్గర పల్లె ఆమెది. ఇప్పుడు అరవై దాటింది. నా చెమటలు చూసి, "నీకు గూడ మొదలైందా బిడ్డా" అని తన కథ చెప్పింది.

"ముప్పయేండ్లు దాటినయో లేదో అప్పటికి. తెల్లబట్ట అయితుందని పోయిన. మిషను పెట్టి చూసి, సంచి ఖరాబైంది, ఉంచితే కేన్సరైతదన్నడు. మీ చిన్నాయన పుస్తెలు కుదువ పెట్టి పైసలు తెచ్చిండు. మూడు నెలలు కాకముందే మిరపకాయ ఏరవోయిన. ఒళ్లంత సెగలు. ఎండకే అనుకున్న."

ఎండకే అనుకుంది. వరంగల్ మిరపచేలల్లో మార్చి ఎండలో కూర్చున్న మనిషికి ఏ సెగ లోపలిదో ఏది బయటిదో ఎవరు చెప్పాలి? గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి ఆమెకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, వేరే నొప్పికి స్కానింగ్ తీయించినప్పుడు.

నాలో ఏళ్లమీద జరగబోతున్నది ఆమెకు కొద్దిరోజుల్లో జరిగిపోయింది. ఆమె ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశం మొత్తంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 3.3 శాతం మందికి గర్భసంచి లేదు. తెలంగాణలో అది 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. దేశంలో ఇలాంటి ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులోనే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఇవి వెల్లువెత్తితే, తర్వాత ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. చిన్నమ్మకు వీటితో ఏం పని? ఆమె పుస్తెలు తాకట్టు పెట్టింది ఇవన్నీ రాకముందే.

నన్ను కదిపింది ఇంకో సంగతి. హార్మోన్ మందు ఎవరికి తప్పకుండా కావాలన్న విషయంలో వైద్యులకు పెద్ద తగాదా లేదు. నలభై లోపే అండాశయాలు పోయినవాళ్లకు. వద్దనడానికి వేరే కారణం లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా అయినా ఇవ్వాలంటారు. ఎముకల కోసం, గుండె కోసం. అంటే మా జిల్లాలో ఈ మందుకు అసలైన హక్కుదారులు మిరపచేలల్లో ఉన్నారు. వాళ్లకు దాని పేరే ఎవరూ చెప్పలేదు. కావాలో వద్దో రెండు వైపులా వాదించగల నాలాంటిదానికి మాత్రం చీటీ చేతికిచ్చి, నిదానంగా ఆలోచించుకోమన్నారు.

ఆ తర్వాత నా సందిగ్ధం తీరిపోయిందని చెప్పను, దాని రూపం మారింది. నాకు సరైన జవాబు దొరకాలని ఇన్నాళ్లూ చూశాను. నా ముందున్నది, తప్పని తేలితే ఆపేయగలిగే పని. జెల్ ఇవాళ రాసుకుని వచ్చే నెల మానేయొచ్చు. చిన్నమ్మకు చేసింది మానేసే వీలున్న పని కాదు. నిలకడలేని మనిషి నిలకడైన నిర్ణయం చేయలేకపోవచ్చు, మళ్లీ చూసుకునే నిర్ణయం మాత్రం చేయగలదు. మూడింటికి లేచే ఆమె మొదలుపెట్టొచ్చు, నిద్రపోయి లేచిన ఆమె మూడు నెలల తర్వాత లెక్క అడగొచ్చు. అయితే ఇందులోనూ మోసం ఉంది. మనం డాక్టరు దగ్గరికి పోయేది బాధ ముదిరినప్పుడు. ముదిరింది ఎలాగూ కొంత దిగుతుంది. ఉత్తి గోళీ వేసుకున్నవాళ్లకు కూడా సెగలు బాగానే తగ్గుతాయి. నన్ను నాతో పోల్చి చూడటానికి మందు వేసుకోని ఇంకో నేను ఎక్కడా లేదు. అందుకని మొదలుపెట్టకముందే ఒక నెల నోటుబుక్కులో రాసుకుంటున్నాను. నిద్ర, చెమట, నెలసరి తేదీ. కోపం గడి పెట్టలేదు, కావాలనే. మామోగ్రామ్ అయింది, బీపీ బాగుంది, మా వంశంలో రొమ్ము క్యాన్సర్ లేదు. ఈ మందు గర్భం రాకుండా ఆపదు, ఆ జాగ్రత్త విడిగా చూసుకోవాలి. వచ్చే నెల మొదలుపెడుతున్నాను.

ఈ మాట చెప్తే చిన్నమ్మ అడిగింది: "ఆ మందు నాకు గూడ పని జేస్తదా?"

జవాబు నాకు తెలుసు. ఆమె ఈస్ట్రోజెన్ ఆగిపోయి దాదాపు ముప్పయ్యేళ్లు, వయసు అరవై దాటింది. 2002 నాటి ఆ అంకెలు నాకు వర్తించవని ఇంతసేపూ వాదించాను, అవి సరిగ్గా ఆమె వయసువాళ్లవి. ఇప్పుడు మొదలుపెడితే పక్షవాతం ముప్పు ముందుకొస్తుంది. నీకు ఆలస్యమైందే చిన్నమ్మా, అప్పుడే ఇయ్యాల్సింది అన్నాను. "ఇయ్యకపాయె" అంది. కిందటేడు వాకిట్లో జారితే విరిగిన మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదు. ఎముకల గట్టిదనం చూసే స్కానింగ్ ఉందని, దానికి వేరే మందులున్నాయని, శనివారం తీసుకుపోతానని చెప్పాను.

"ఎంతైతదట?" అని అడిగింది.